పే లేని కంప్యూటర్



పోయిన నెల ఒక ఉర్దూ మీడియం స్కూల్లో పది కంప్యూటర్ల ఇఫ్తెతాహ్‌కి దావత్ వస్తే వెళ్లాను. ఎవరో ఖైర్‌ఖ్వాహ్ తన సదఖా సొమ్ముతో కొనిచ్చారు. అల్లాహ్ ఆయనకి అజ్ర్ ఇవ్వాలి. స్టేజీ మీద నలుగురు మాట్లాడారు. ప్రాసెసర్ ఏదో, మెమరీ ఎంతో, ఒక్కో సెట్టుకి ఎంత ఖర్చయిందో అంకెలతో సహా చెప్పారు. చప్పట్లు మోగాయి. జల్సా అయ్యాక గదిలోకి వెళ్లి, ఏడో జమాత్ చదివే ఒక పాపతో "బేటీ, నీ పేరు ఉర్దూలో టైప్ చెయ్యమ్మా" అన్నాను. పాప కీబోర్డు మొత్తం ఒకసారి చూసి, "ఇస్మే ఉర్దూ నైఁ హై సర్" అంది.

నిజానికి ఉంది. ఆ మెషీన్లో ఉర్దూ ఉంది, తెలుగూ ఉంది. సెట్టింగుల్లోకి వెళ్లి ఆన్ చేసుకోవాలి, రెండు నిమిషాల పని. అంత డబ్బు పెట్టినవాళ్లకీ, అంత మెహనత్ చేసి వైర్లు లాగినవాళ్లకీ ఆ రెండు నిమిషాల పని మాత్రం తట్టలేదు.

పాప మాట వినగానే నాకు మా ఇంటి మొదటి కంప్యూటర్ గుర్తొచ్చింది. దాంట్లో మాత్రం నిజంగానే ఉర్దూ లేదు.

మా చిన్న మామూ అప్పట్లో కువైట్‌లో ఒక ఇంటి డ్రైవరు. 1989లో ఛుట్టీకి వచ్చినప్పుడు ఖజూర్లు, అత్తరు, కంబళ్లతో పాటు ఒక కంప్యూటర్ తెచ్చాడు. కఫీల్ కొడుకు కొత్తది కొనుక్కుని పాతది పక్కన పడేశాడట. మామూ అడిగి తెచ్చుకున్నాడు. మీద పేరు అరిగిపోయింది. చూడటానికి లావుపాటి కీబోర్డు, అంతే. కంప్యూటర్ మొత్తం ఆ కీబోర్డు లోపలే. అక్కడి ప్లగ్గుకి చదరపు కాళ్లు, మన బోర్డులో పట్టలేదు. కరెంటు పనివాడి దగ్గర వేరే ప్లగ్గు వేయించాం. టీవీ వెనకాల ఏంటెనా వైరు పీకి దీని వైరు పెట్టాం. కువైట్‌లోనూ మన దగ్గరా టీవీ పద్ధతి పాల్ ఒకటే కావడంతో బొమ్మ వచ్చేసింది.

ఒక్కో మీట మీద రెండు హురూఫ్. ఏబీసీడీలు ఒకటి, అలిఫ్ బే తేలు ఒకటి. నానీమా అది చూసి, "అల్లాహ్ కలామ్ కే హురూఫ్ హైఁ, పాఁవ్ నక్కో లగావ్" అని దాన్ని ఎత్తైన పీట మీద పెట్టించింది.

నేను ఉర్దూ మీడియం పిల్లవాణ్ని. పదేళ్లుంటాయి. హురూఫ్ తెలిసినవే కదా అని కూర్చున్నాను. "నానీ" అని కొట్టాను, వచ్చింది. "అమ్మీ" అని కొట్టాను. మీమ్ పక్కన యే పడగానే మీమ్ దానంతట అదే ఆకారం మార్చుకుని యేతో కలిసిపోయింది. మా మౌల్వీ సాబ్ తఖ్తీ మీద బెత్తంతో నేర్పినదాన్ని ఒక మెషీన్ ఖుద్‌గా చేస్తుంటే నా ఆనందానికి హద్దు లేదు. పక్కన మా ఆపా కూర్చుని "మేరా భీ లిఖ్" అంది. "ఆపా" అని రాద్దామని పే కోసం వెతికాను. పే లేదు. కీబోర్డు అంతా రెండుసార్లు వెతికాను. బే ఉంది కాబట్టి "ఆబా" అని కొట్టాను. "మైఁ ఆబా నైఁ, ఆపా" అని ఆపా నెత్తిన ఒకటి మొట్టింది. తర్వాత పానీ ప్రయత్నించాను, చాయ్ ప్రయత్నించాను, రోటీ, టోపీ, గాడీ, ఘర్. ఏదీ కుదరలేదు. పే లేదు, చే లేదు, టే లేదు, గాఫ్ లేదు. మెషీన్‌ది ఖుసూర్ ఏమీ లేదు. అది అరబ్బుల ఇళ్ల కోసం చేసింది. అరబీలో ఆ హురూఫే లేవు. కానీ పదేళ్ల పిల్లవాడికి అర్థమైంది వేరే. అల్లాహ్ కలామ్ రాయగల మెషీన్ మా ఇంట్లో అన్నం, నీళ్లు, ఇల్లు అన్న మాటలు రాయలేదు.

ఆ తర్వాత కాలేజీలో తెలుగు చదివాను, పత్రికలోకి వచ్చాను. అయినా ఆ పాత మెషీన్ల షౌఖ్ పోలేదు. 1980ల హోమ్ కంప్యూటర్ల గురించి దొరికిందల్లా చదివాను. ఆ కాలం మనుషులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉంటారు. స్పెక్ట్రమ్ గొప్పదా, కొమడోర్ గొప్పదా, రంగులు దేంట్లో బాగున్నాయి, ఆటలు దేంట్లో ఎక్కువ అని. వాళ్ల కొలతలు వాళ్లవి. నా కొలత ఆ రోజు ఆపా మొట్టిన మొట్టికాయతో ఖరారైంది. ఒక మెషీన్ తనకి తెలియని హర్ఫ్‌కి ఎంత జగా ఇచ్చింది? ఇదే నా సవాల్. దీంతో కొలిస్తే ఎవరు గెలుస్తారో చూద్దాం.

ముందుగా ఒక మాట. కంప్యూటర్లో రెండు రకాల యాద్‌దాష్త్ ఉంటుంది. ఒకటి పలక లాంటిది. రాసుకోవచ్చు, కరెంటు పోతే తుడిచిపెట్టుకుపోతుంది. దాన్ని ర్యామ్ అంటారు. రెండోది అచ్చయిన పుస్తకం లాంటిది. ఫ్యాక్టరీలో ఏది అచ్చువేశారో అదే, చెరగదు. దాన్ని రోమ్ అంటారు. ఆ కాలపు మెషీన్లలో అక్షరాల ఆకారాలు ఈ అచ్చు పుస్తకంలో ఉండేవి. ఒక్కో అక్షరానికి అడ్డంగా 8, నిలువుగా 8 చుక్కల గడి. అంటే 8 బైట్లు.

బ్రిటన్‌లో 1982 ఏప్రిల్‌లో సింక్లెయిర్ వాళ్లు జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్ తెచ్చారు. గుండెకాయ జెడ్80ఏ చిప్పు, 3.5 మెగాహెర్ట్జ్. 16 కిలోబైట్లది 125 పౌండ్లు, 48 కిలోబైట్లది 175 పౌండ్లు. మీటలు రబ్బరువి. శబ్దం ఒక చిన్న బీప్. 256 బై 192 చుక్కల తెర ఉన్నా, ఒక్కో 8 బై 8 గడిలో రెండే రంగులు పడతాయి. అందుకే ఆటల్లో ఒక బొమ్మ ఇంకో బొమ్మ దగ్గరికి వస్తే రంగులు ఒకదానికొకటి అంటుకునేవి. ప్రోగ్రాములు మామూలు క్యాసెట్టులో వచ్చేవి. ఖిరాత్ వినే టేప్ రికార్డరే దానికీ చాలు. కాకపోతే పెద్ద ఆట ఎక్కడానికి నాలుగైదు నిమిషాలు కీచుమని అరిచేది. ఇంత పేద మెషీన్‌లో ఒక గొప్ప గుణం ఉంది. 21 ఖాళీ గళ్లు వదిలారు. నీకు కావలసిన ఆకారం నువ్వే గీసుకో అన్నారు. ఒక్కో వరుసనీ సున్నాలు, ఒకట్లుగా బేసిక్‌లోనే రాసి లోపల పెట్టుకోవచ్చు. బడి పిల్లవాడు కూడా చేయగలిగినంత సులువు.

మన పే కావాలంటే ఇలా. పడవ లాంటి గీత, దాని కింద మూడు చుక్కలు. వరుసగా ఈ ఎనిమిది అంకెలు: 0, 0, 129, 129, 126, 0, 40, 16. అంతే పే. 129 అంటే పడవ రెండు అంచులు, 126 అంటే అడుగు, 40 అంటే పక్కపక్కన రెండు చుక్కలు, 16 అంటే వాటి కింద మూడోది. కాగితం మీద గళ్లు గీసి పిల్లలతో చేయించి చూడండి, మజా వస్తుంది.

దీనికంటే కొద్ది నెలల ముందు, 1981 డిసెంబరులో, అదే బ్రిటన్‌లో ఏకార్న్ వాళ్లు బీబీసీ మైక్రో తెచ్చారు. 6502 చిప్పు, 2 మెగాహెర్ట్జ్, మంచి మోడల్‌లో 32 కిలోబైట్లు. ధర ఎక్కువే. కానీ దాని బేసిక్ ఆ కాలంలో అందరికంటే సలీఖా ఉన్నది. కొత్త అక్షరం కావాలంటే వీడీయూ 23 అని ఒకే ఒక్క వాక్యం, దాని పక్కన అక్షరం నంబరు, తర్వాత పైన చెప్పిన ఎనిమిది అంకెలు. పే తయారు. నా కొలత ప్రకారం తలుపు తీసి "రండి, కూర్చోండి" అన్న మెషీన్ ఇదే.

ఇక కొమడోర్ 64. అమెరికాది. 1982 ఆగస్టులో దుకాణాల్లోకి వచ్చింది, 595 డాలర్లు. 6510 చిప్పు వేగం 1 మెగాహెర్ట్జ్ దగ్గరే కానీ, దాని బలం పక్కనున్న రెండు చిప్పుల్లో ఉంది. బొమ్మల చిప్పు విక్-2 వల్ల 16 రంగులు, తెర మీద తమంత తాము కదిలే 8 బొమ్మలు. సంగీతం చిప్పు సిడ్ వల్ల మూడు గొంతులు. ఆ సంగీతం కోసం ఇప్పటికీ మనుషులు ఆ మెషీన్లు దాచుకుంటున్నారు. మెమరీ 64 కిలోబైట్లు. కోటికి పైగా అమ్ముడుపోయింది. హార్డ్‌వేర్ చూస్తే రాజా. కానీ ఆ రాజావారి దర్బారులోకి వెళ్లే తలుపు చాలా చిన్నది. దాని బేసిక్‌లో గీత గీయడానికి మాట లేదు, రంగు నింపడానికి లేదు, పాట వాయించడానికి లేదు. ప్రతిదానికీ పోక్ అని రాసి ఒక నంబరు, ఇంకో నంబరు. కొత్త హర్ఫ్ కావాలంటే అచ్చు పుస్తకంలోని అక్షరాలన్నీ ముందు పలక మీదికి నఖల్ చేసుకుని, 53272 అనే అడ్రసుకి వెళ్లి ఇకమీదట ఇక్కడ చదువు అని చెప్పి, అప్పుడు ఆ ఎనిమిది అంకెలు పెట్టాలి. ముమ్‌కిన్ కాదని అనను. తెలిసినవాడు చేస్తాడు. నేర్చుకోవడానికి వచ్చిన పిల్లవాడు గుమ్మం దగ్గరే ఆగిపోతాడు.

నాలుగోది జపాన్ నుంచి. 1983 జూన్‌లో ఆస్కీ సంస్థ, మైక్రోసాఫ్ట్ కలిసి ఎంఎస్ఎక్స్ అనే పద్ధతి ప్రకటించాయి. దీని వెనక మనిషి కజుహికో నిషి. అది ఒక కంపెనీ మెషీన్ కాదు, ఒక ఖానూన్. ఏ చిప్పు వాడాలో, బేసిక్ ఎలా ఉండాలో రాసి పెట్టారు. సోనీ, యమహా, సాన్యో, పానసోనిక్, ఫిలిప్స్ ఎవరు చేసినా ఒకరి ప్రోగ్రాము ఇంకొకరి దాంట్లో నడవాలి. హార్డ్‌వేర్‌లో కొత్తదనం ఏమీ లేదు. జెడ్80ఏ చిప్పే, 3.58 మెగాహెర్ట్జ్. బజారులో దొరికే టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ బొమ్మల చిప్పు, మూడు గొంతుల శబ్దం చిప్పు. ఆటల్లో కొమడోర్ ముందు వెలవెలబోయేది. కానీ బేసిక్ ధారాళమైనది. సర్కిల్ అంటే గుండ్రం, పెయింట్ అంటే రంగు, ప్లే అంటే పాట. అమెరికా, బ్రిటన్‌లలో ఇది పెద్దగా నిలబడలేదు. ఆటల లెక్కన వాదించేవాళ్లు దీన్ని మూడో స్థానంలోకో నాలుగో స్థానంలోకో తోసేస్తారు.

నా కొలతలో మాత్రం అసలు ఖిస్సా ఇక్కడే మొదలవుతుంది. కువైట్‌లో ముహమ్మద్ అల్ షారిఖ్ అని ఒకాయన. కంప్యూటర్ ఇంజనీరు కాదు, ఎకనామిక్స్ చదివినవాడు. 1982లో అల్ ఆలమియ్యా అనే కంపెనీ పెట్టాడు. ఈ జపాన్ ఖానూన్ తీసుకుని, యమహా లాంటివాళ్లతో మెషీన్లు చేయించి, వాటి అచ్చు పుస్తకంలోనే అరబీ ఎక్కించాడు. పేరు సఖ్ర్. అంటే బండరాయి. ఏఎక్స్-170 లాంటి మోడళ్లు గల్ఫ్ ఇళ్లల్లోకి, స్కూళ్లల్లోకి వెళ్లాయి.

అరబీ ఎక్కించడం అంటే అక్షరాలు 28 గీసి పెట్టడం కాదు. కుడి నుంచి ఎడమకి నడవాలి. మధ్యలో అంకెలు వస్తే అవి మాత్రం ఎడమ నుంచి కుడికి. ఒక్కో హర్ఫ్‌కి విడిగా ఒక ఆకారం, మొదట్లో ఒకటి, మధ్యలో ఒకటి, చివర్లో ఒకటి. వేలు మీట మీద పడిన క్షణంలో ముందు హర్ఫ్ వెనక్కి తిరిగి చూసుకుని ఆకారం మార్చుకోవాలి. మా ఇంట్లో మీమ్ యేని కలుపుకుంది అన్నాను చూశారా, ఆ చిన్న కదలిక కోసం కూడా ఎవరో కూర్చుని లెక్క రాయాలి. షారిఖ్ మనుషులు ఆ పని చేశారు. పిల్లలకి అరబీలో పాఠాలు చేశారు. ఖుర్‌ఆన్ పాక్‌ని కంప్యూటర్‌లోకి తెచ్చారు. ఖుర్‌ఆన్‌లో మూడు లక్షలకు పైగా హురూఫ్ ఉన్నాయి. జేర్ జబర్లు వదిలేసి, హర్ఫ్‌కి ఒక్క బైటు చొప్పున వేసుకున్నా 64 కిలోబైట్ల మెమరీ నాలుగుసార్లు నిండిపోతుంది. అంత చిన్న పలక మీద అంత పెద్ద కితాబ్‌ని ముక్క ముక్కగా తెచ్చి చూపాలంటే ఎంత హునర్ కావాలో ఊహించుకోండి. 1990లో ఇరాఖ్ సేనలు కువైట్‌లోకి వచ్చాక కంపెనీ ఖాహిరాకి మారింది. పని ఆగలేదు. 2021లో ఇస్లాం సేవకి ఇచ్చే కింగ్ ఫైసల్ ఇనామ్ షారిఖ్‌కి వచ్చింది. 2024లో ఆయన ఇంతెఖాల్ అయ్యారు.

ఇప్పుడు చెప్పండి, ఏది గొప్పది? చిప్పుతో కొలిస్తే కొమడోర్. ధరతో కొలిస్తే స్పెక్ట్రమ్. బేసిక్‌తో కొలిస్తే బీబీసీ. ఒక ఇంట్లోకి వచ్చి ఆ ఇంటివాళ్ల జబాన్‌లో మాట్లాడిందా అని కొలిస్తే, హార్డ్‌వేర్‌లో అందరికంటే మామూలుదైన ఈ రాయే గెలిచింది. జపాన్ చిప్పు అరబ్బులకి ఏమీ ప్రత్యేకంగా చేయలేదు. అదే చిప్పు అన్ని దేశాల్లోనూ ఉంది. తేడా తెచ్చింది సాఫ్ట్‌వేర్. ఆ సాఫ్ట్‌వేర్ కూడా ఎక్కడి నుంచో తోహ్ఫాగా రాలేదు. ఆ జబాన్ మాట్లాడేవాడు కూర్చుని చేసుకున్నాడు.

మన దగ్గర ఏం జరిగిందో చూడండి. 1984లో మన కేంద్ర ప్రభుత్వం క్లాస్ అనే పథకం పెట్టి స్కూళ్లకి కంప్యూటర్లు ఇచ్చింది. ఇచ్చినవి ఏవనుకున్నారు? నేను పైన అంత మెచ్చుకున్న బీబీసీ మైక్రోలు. ఒకే వాక్యంతో కొత్త అక్షరం తయారయ్యే మెషీన్లు. వాటితో వచ్చిన పాఠాలు మాత్రం బ్రిటన్ ఇంగ్లీషువి. తలుపు తెరిచే ఉంది, అటు నుంచి నడిచి వెళ్లినవాళ్లు తక్కువ.

ఇక్కడ ఇన్సాఫ్‌గా ఒక మాట ఒప్పుకోవాలి. కొన్ని పనులకి ఆనాటి హార్డ్‌వేర్ నిజంగా చాలదు. తెలుగే తీసుకోండి. "స్త్రీ" అని రాయాలంటే సకారం, కింద తవత్తు, పక్కన రావత్తు, నెత్తిన గుడి దీర్ఘం. ఇదంతా 8 బై 8 గడిలో దూర్చడం ఎవరి వల్లా కాదు. ఒక్క అక్షరానికి రెండు మూడు గళ్లు కావాలి, గుణింతాలే వందల్లో ఉంటాయి. ఉర్దూ నస్తాలీఖ్ ఇంకా మొండిది. అక్షరాలు గీత మీద నిలబడవు, పైనుంచి కిందికి జారుతూ వస్తాయి. మీర్జా అహ్మద్ జమీల్ సాబ్ నూరీ నస్తాలీఖ్ కోసం కలిసిన అక్షరాల జట్లు ఇరవై వేల దాకా గీశారు. దాంతోనే 1981 అక్టోబరులో లాహోర్ జంగ్ పత్రిక కాతిబ్ చేయి లేకుండా వచ్చింది. అది ప్రెస్సుల్లో వాడే పెద్ద యంత్రాల పని. ఇరవై వేల జట్లకి ఎనిమిదేసి బైట్లు వేసుకున్నా లక్షా అరవై వేల బైట్లు. 48 కిలోబైట్ల మెషీన్ ఎక్కడ, అది ఎక్కడ.

కానీ మా ఇంటి కంప్యూటర్ ముందున్న సవాల్ నస్తాలీఖ్ కాదు. అరబీ నస్ఖ్ అక్షరాలు అప్పటికే దాంట్లో ఉన్నాయి. ఉర్దూకి అదనంగా కావలసినవి పే, టే, చే, డాల్, డే, ఝే, గాఫ్, నూన్ గున్నా, దో చష్మీ హే, బడీ యే. మొత్తం పది. వాటి ఆకారాలన్నీ లెక్కేస్తే సుమారు 30. ఒక్కోదానికి 8 బైట్లు, అంటే 240 బైట్లు. 48 కిలోబైట్లలో రెండు వందో వంతు. వాటిని కలిపే లెక్క ఇంకాస్త ఉంటుంది, మనకి అక్కర్లేని గుర్తులు కొన్ని తీసేసి జగా చేసుకోవాలి. అయినా సరే, ఆపాకీ ఆబాకీ మధ్య అడ్డం నిలిచింది హార్డ్‌వేర్ కాదు, 240 బైట్లు. ఆ 240 బైట్లు రాసే మనిషి మా ఊళ్లో లేడు. మాకు రాయొచ్చని చెప్పిన మనిషి కూడా లేడు. నేను ఆ మెషీన్‌ని ఒక సెలవుల పాటు ఆడుకుని, తర్వాత బీరువా మీద పెట్టేశాను.

తర్వాత కాలం మారింది. కాన్పూర్ ఐఐటీలో మొదలై పుణె సీడాక్ చేతికి వచ్చిన జిస్ట్ కార్డుతో పీసీల్లో తెలుగు కనిపించింది. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగుకి చోటు దొరికింది, అరబీ పక్కనే మన పే, చే, టే, గాఫ్‌లకి కూడా దొరికింది. ఇవాళ మీ జేబులో ఉన్న ఫోనులో నస్తాలీఖూ ఉంది, స్త్రీ కూడా ఉంది. పైసా ఖర్చు లేదు. ఎనిమిది అంకెలు రాసే పని కూడా లేదు.

మరి మనం ఏం చేస్తున్నాం? మామూ కువైట్ నుంచి నానీమాకి ఉర్దూలో ఖత్ రాసేవాడు. నీలం ఏరోగ్రామ్. నానీమా కళ్లజోడు పెట్టుకుని తానే చదువుకునేది, రెండోసారి దిండు కింద నుంచి తీసి చదువుకునేది. ఇప్పుడు నాకు తెలిసిన ఒక ఇంట్లో కొడుకు గల్ఫ్‌లో ఉన్నాడు. తల్లికి ఉర్దూ బాగా వచ్చు, తెలుగు కూడబలుక్కుని చదువుతుంది, ఇంగ్లీషు రాదు. కొడుకు రోజూ మెసేజ్ పెడతాడు, ఉర్దూ మాటలే, ఇంగ్లీషు అక్షరాల్లో. ఆమె ఫోను పట్టుకుని పక్కింటి పిల్ల స్కూలు నుంచి వచ్చేదాకా కూర్చుంటుంది, చదివి వినిపించడానికి. ఒకప్పుడు చదువు రానివాళ్ల ఖత్ ఇంకొకరు చదివి పెట్టేవారు. ఇప్పుడు చదువొచ్చిన తల్లిని మనమే అన్‌పఢ్ చేశాం. వాయిస్ మెసేజ్ ఉంది కదా అంటారు. ఉంది. కానీ గొంతు దిండు కింద దాచుకుని మళ్లీ మళ్లీ చదువుకునేది కాదు. మగ్రిబ్ వేళ పదిమంది మధ్య పెట్టి వినేది కూడా కాదు.

ఇంకో ఎతెరాజ్ ఉంది. ఆ స్కూలు జల్సాలో ఒక పెద్దమనిషే నాతో అన్నారు. "పిల్లలకి నౌకరీ ఇచ్చేది ఇంగ్లీషు భాయ్, ఉర్దూ టైపింగ్ నేర్చి ఏం ఫైదా?" ఆయన నియ్యత్ మంచిదే, అందుకే జవాబు చెబుతున్నాను. నేను ఇంగ్లీషు వద్దనడం లేదు. మా ఇంటికొచ్చిన ఆ మెషీన్‌లో ప్రతి మీట మీదా రెండు హురూఫ్ ఉన్నాయని చెప్పాను కదా. ఒకటి రెండోదాన్ని బయటికి నెట్టలేదు. అదే వేలు, అదే మీట. కువైట్ పిల్లవాడు సఖ్ర్ మీద అరబీ పాఠం చదివాడు, అదే సఖ్ర్ మీద ఇంగ్లీషు బేసిక్‌లో ప్రోగ్రామూ రాశాడు. నా మట్టుకు నేను ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేసి, తెలుగు రాసి రోటీ సంపాదించుకుంటున్నాను. ఏ జబాన్ ఇంకో జబాన్‌కి అడ్డం రాలేదు. తెలియని జబాన్‌లో మాత్రమే కనిపించే మెషీన్ ముందు పిల్లలు నేర్చుకునేది ఒకటే, ఇది మాది కాదు అని. ఆ పాప "ఇస్మే ఉర్దూ నైఁ హై" అన్నప్పుడు ఆమె గొంతులో శికాయత్ లేదు. అలా ఉండటమే మామూలు అనుకుంది. నన్ను బాధపెట్టింది అదే.

ఇంకొందరు అంటారు, కువైట్ వాళ్ల దగ్గర తేల్ డబ్బుంది కాబట్టి చేసుకున్నారు, మన దగ్గర ఏముంది అని. 1989లో ఈ మాట చెల్లేది. ఇప్పుడు చెల్లదు. ఇవాళ లేనిది డబ్బు కాదు, అడిగే మనిషి.

అందుకే జకాత్, సదఖా సొమ్ముతో స్కూళ్లకి, మద్రసాలకి కంప్యూటర్లు, టాబ్లెట్లు కొనిచ్చే సాహెబాన్‌కి, కమిటీ పెద్దలకి నాదొక గుజారిష్. ఎన్ని, ఎంత మెమరీ, ఎంత ధర అని లెక్క చూడండి, తప్పకుండా చూడండి. దాంతో పాటు మూడు పనులు చేయించండి. గదికి తాళం తీసే ముందు ప్రతి మెషీన్‌లో ఉర్దూ, తెలుగు కీబోర్డులు ఆన్ చేయించండి. మీటల మీద అంటించే అక్షరాల స్టిక్కర్లు దొరుకుతాయి, అవి వేయించండి. మొదటి రోజు మొదటి పాఠంగా పిల్లల చేత ఇంట్లో పెద్దవాళ్లకి ఒక ఖత్ రాయించండి, ఆ పెద్దవాళ్లు చదవగలిగే లిపిలో. కంప్యూటర్ చిప్పు ఏ తరానిదైనా సరే, ఆ ఖత్ అందితే అది ఆ ఇంటి కంప్యూటర్ అవుతుంది. అందకపోతే గదిలో సామాను.

గల్ఫ్‌లో ఉన్న భాయ్‌జాన్లకి ఒక మాట. ఈ రాత్రి అమ్మీకి మెసేజ్ పెట్టేటప్పుడు ఫోనులో ఉర్దూ కీబోర్డు తెరవండి. మొదట్లో ఒక్కో హర్ఫ్ వెతుక్కోవాల్సి వస్తుంది. పది రోజుల్లో చేయి తిరుగుతుంది, ఇన్షా అల్లాహ్.

ఆ రోజు స్కూల్లో నేను సెట్టింగుల్లోకి వెళ్లి ఉర్దూ ఆన్ చేసి, పాపకి కుర్చీ ఇచ్చాను. ఆమె పేరు పేతోనే మొదలవుతుంది. ఒక్కో మీటా నొక్కుతూ, తెర వైపు చూస్తూ, రెండు నిమిషాల్లో మొత్తం కొట్టింది. తర్వాత నన్ను అడక్కుండానే కింద వాళ్ల అమ్మీ పేరు, ఆ కింద వాళ్ల నానీ పేరు కొట్టింది. వెనక నిలబడ్డ పిల్లలు "మేరా భీ, మేరా భీ" అని తోసుకుంటూ వచ్చారు. మధ్యాహ్నం జుహర్ అజాన్ అయ్యేదాకా ఆ గదిలో నుంచి ఎవరూ కదల్లేదు.